వాద్యకారుడు రాలేనన్న యాత్ర

1970 నాటికి జపాన్‌లోని కోబే నగరంలో, సన్నోమియా పేటలో, రాత్రయితే బార్లు కిక్కిరిసిపోయేవి. వచ్చినవాళ్లు తాగేవారు, నాలుగు చుక్కలు పడ్డాక పాడేవారు. వాళ్ల పాటకు పక్కవాద్యం వాయించడానికి బార్ల యజమానులు జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకునేవారు. ఇనోవే దైసుకె అలాంటి వాద్యకారుల్లో ఒకరు. 1940లో ఒసాకాలో పుట్టి, డ్రమ్ములతో మొదలుపెట్టి, తర్వాత కీబోర్డుకు మారారు. స్వరలిపి చదవడంలో ఆయన దిట్టేమీ కాదు. పాడేవాడు ఎక్కడ ఆగుతున్నాడో, ఎక్కడ జారుతున్నాడో చూసుకుంటూ ఆ వెంటే వాయించేవారు. తాగి పాడేవాళ్లకు కావలసింది కూడా అలాంటి మనిషే.

ఒకరోజు ఓ చిన్న కంపెనీ యజమాని ఆయన దగ్గరకు వచ్చాడు. వ్యాపార మిత్రులతో కలిసి వేడినీటి బుగ్గల ఊరికి విహారానికి వెళ్తున్నాడు. రాత్రి విందులో తనను పాడమంటారని తెలుసు, ఇనోవే పక్కన లేకపోతే పరువు పోతుందనీ తెలుసు. వెంట రమ్మని అడిగాడు. క్లబ్బులో పని మానుకుని వెళ్లే వీలు ఇనోవేకి లేదు. అందుకని ఆ యజమాని గొంతుకు సరిపోయే శ్రుతిలో, ఆయన తడబడే చోట కాస్త నిదానిస్తూ, వాద్యం ఒక్కటే వాయించి టేపు మీద రికార్డు చేసి ఇచ్చారు. విహారం నుంచి తిరిగొచ్చిన యజమాని ఎంత మురిసిపోయాడంటే, మరిన్ని పాటలకు టేపులు కావాలన్నాడు.

మనిషి రాకపోయినా అతని వాయిద్యం ఊళ్లు తిరగగలదని ఇనోవేకి అప్పుడు తట్టింది. కారులో పాటలు వినే టేపు యంత్రం, ఒక మైకు, దానికో యాంప్లిఫయరు, గొంతుకు కాస్త గుయ్యిమనే ప్రతిధ్వని తగిలించే సర్క్యూటు, నాణేలు వేసే పెట్టె, వీటన్నిటినీ ఒక చెక్కపెట్టెలో బిగించారు. ఎలక్ట్రానిక్స్ పని, వడ్రంగం పని స్నేహితులూ తెలిసినవాళ్లూ చూసుకున్నారు. 1971లో అలాంటివి 11 తయారుచేయించి, ‘ఎయిట్ జ్యూక్’ అని పేరుపెట్టి కోబే బార్లకు అద్దెకిచ్చారు. 100 యెన్ల నాణెం వేస్తే ఒక పాట సేపు వాయించేది.

కరావోకే అనగానే ఇప్పుడు తలుపులు బిగించిన గది గుర్తొస్తుంది గానీ దాని వేర్లు ప్రయాణంలోనే ఉన్నాయి. జపాన్‌లో స్నేహితులూ సహోద్యోగులూ కలిసి ఊరెళ్తే పాట లేకుండా ఉండడమన్నది యంత్రం రాకముందూ లేదు, వచ్చాకా లేదు. పాడేవాళ్లకు ఏనాడూ కొదవ లేదు. ఆ పాటను ఎవరెవరు వినాల్సి వచ్చిందన్నదే దశాబ్దం దశాబ్దానికీ మారుతూ వచ్చింది. ఈ కథలో అసలు తమాషా అక్కడే ఉంది.

క్యూషూ దీవిలోని బెప్పూ ఊరు సలసల కాగే నీటి బుగ్గలకు ప్రసిద్ధి. రంగురంగుల్లో ఉడుకుతుండే ఆ గుంటల్ని జపనీయులు ‘నరకాలు’ అని పిలుస్తారు. వాటిని వరసగా చూపించడానికి 1928లో అబురాయ కుమహాచి అనే హోటల్ యజమాని విహార బస్సులు నడిపాడు, వాటిలో యువతుల్ని గైడ్లుగా పెట్టాడు. వాళ్లు ఊరి విశేషాల్ని ఊరికే చెప్పలేదు. ఏడు, ఐదు అక్షరాల నడకలో, జపాన్ పాత పద్యాల లయలో, రాగయుక్తంగా వినిపించేవారు. తర్వాత దేశమంతటా వచ్చిన విహార బస్సుల్లో గైడమ్మ మైకు పట్టుకుని ఆ ప్రాంతపు పాట పాడడం ఆనవాయితీ అయింది. అంటే బస్సులో మైకు కరావోకే కన్నా చాలా ముందే వచ్చి కూర్చుంది. చేతులు మారడమే మిగిలింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేశం కోలుకుని, ఫ్యాక్టరీలూ ఆఫీసులూ నిండాక, ఏడాదికోసారి కంపెనీ ఖర్చుతో ఉద్యోగులందరినీ విహారానికి తీసుకెళ్లడం రివాజుగా మారింది. ఎక్కువమంది వెళ్లేది వేడినీటి బుగ్గల ఊళ్లకే. 1964లో టోక్యో, ఒసాకాల మధ్య షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు మొదలైనప్పుడు సముద్రం ఒడ్డున ఉన్న అతామి అనే బుగ్గల ఊళ్లో దానికి స్టేషను కట్టారంటే ఈ విహారాల జోరు అర్థమవుతుంది. హోటల్‌కు చేరగానే స్నానం, తర్వాత అందరూ ఒకే రకం యుకతా నూలు అంగీలు తొడుక్కుని తతామి చాపలు పరిచిన పెద్ద హాల్లో వరసగా కూర్చుని భోజనం. హాలుకు ఒక చివర చిన్న వేదిక. సాకే తిరిగేకొద్దీ ఒక్కొక్కరినీ అక్కడికి తోసేవారు. ఆఫీసులో తలెత్తని గుమాస్తా అక్కడ పాడాలి, ఆ గుమాస్తాను వణికించే మేనేజరు కూడా పాడాలి. డబ్బున్న బృందమైతే షామిసెన్ మీటే గేషాలను పిలిపించుకునేది, లేనివాళ్లకు చప్పట్లే తాళం.

ఊళ్లో ఉండగా పాడాలనిపిస్తే దారులు వేరు. 1950ల్లో టోక్యోలో పాటల కాఫీ హోటళ్లు వెలిశాయి. షింజుకులోని ‘తొమొషిబి’ వాటిలో పేరున్నది. కప్పు కాఫీకి డబ్బిచ్చి, చేతికిచ్చిన పాటల పుస్తకం తెరిచి, అకార్డియన్‌ వెంట రష్యన్ జానపదాలూ కార్మిక గీతాలూ హాలు మొత్తం ఒక్క గొంతుతో పాడేది. ఒక్కడే నిలబడి పాడే భయం లేదు, ఒక్కడికే చప్పట్లు కొట్టించుకునే సరదా కూడా లేదు. ఆ సరదా కావలసినవాళ్లకు ‘నగాషి’ ఉండేవారు. గిటారో అకార్డియనో భుజాన వేసుకుని బారు నుంచి బారుకు తిరిగే పాటగాళ్లు వీళ్లు. డబ్బిస్తే పాడతారు, పాడతానంటే పక్కన వాయిస్తారు. వందల పాటలు నోటికొచ్చి ఉండేవి. తర్వాత జపాన్ అంతా పేరు మోగిన ‘ఎంకా’ అనే తరహా పాటల గాయకుడు కితాజిమా సబురో, 1962లో మొదటి రికార్డు రాకముందు షిబుయా వీధుల్లో నగాషిగా తిరిగినవాడే.

ఈ నగాషి పొట్ట కొట్టిన యంత్రంలో గుండెకాయ లాంటి భాగం కారు నుంచి వచ్చింది. జెట్ విమానాల తయారీతో పేరు తెచ్చుకున్న అమెరికన్ బిల్ లియర్ బృందం 1960ల నడుమ ఎయిట్‌ట్రాక్ క్యాసెట్టును తయారుచేసింది, ఫోర్డ్ కంపెనీ 1966 మోడల్ కార్లలో దాన్ని అమర్చింది. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని రెండో చేత్తో తోసెయ్యగలిగేటట్టు ఉండేది. టేపు లోపల చివర్లు కలిసిన చుట్టలా ఉంటుంది కాబట్టి వెనక్కి చుట్టే పని లేదు. నాలుగు జతల ట్రాకులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మీట నొక్కితే ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతుంది. డ్రైవరు కోసం ఆలోచించి పెట్టిన ఈ సదుపాయాలన్నీ తాగినవాడికీ చక్కగా సరిపోయాయి. ట్రాకుకొక పాట చొప్పున క్యాసెట్టులో నాలుగు పాటలు పెడితే కావలసిన పాట కోసం వెతుక్కునే బాధే ఉండదు.

ఆ మాట ఇనోవే కన్నా ముందే కనిపెట్టిన మనిషి టోక్యోలో ఉన్నారు. నెగిషి షిగెయిచి నడిపే చిన్న కంపెనీలో కార్ల స్టీరియోలను బిగించే పని జరిగేది. 1967లో ఒకరోజు ఆయన కూనిరాగం తీస్తూ ఆఫీసులోకి వస్తే, ఆయన పాట గురించి ఒక ఉద్యోగి ఎకసెక్కెమాడాడు. వెనక నిజమైన వాద్యం ఉంటే తన పాట ఇంత అన్యాయంగా ఉండదనుకున్న నెగిషి, ఒక స్టీరియోకి మైకు తగిలించి తెమ్మని ఇంజనీరుకు పురమాయించారు. దానిలో ఆయన మొదట పాడింది ‘ముజో నో యుమే’ అనే 1930ల నాటి ప్రేమ పాట. సాయంత్రం ఆ పెట్టెను ఇంటికి మోసుకెళ్లి పెళ్లాంబిడ్డలతోనూ పాడించారు. పాటకు తగ్గట్టు దీపాలు మెరిసేలా చేసి ‘స్పార్కో బాక్స్’ అని అమ్మకానికి పెట్టారు. 100 యెన్ల నాణెం వెండి పోయి రాగి, నికెల్ మిశ్రమంలోకి మారింది కూడా సరిగ్గా ఆ ఏడాదే. నాణెం వేస్తే వాయించే పెట్టెలకు అంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

పెట్టె బారులో పెట్టిన రాత్రే గిరాకీ బాగుండేది, కొన్నాళ్లకే యజమాని ఫోన్ చేసి తీసుకుపొమ్మనేవాడు. ఆ వీధిలో తిరిగే నగాషి వచ్చి గొడవపెట్టుకునేవారు మరి. వాళ్ల భయం ఊహ కాదు. వాళ్లు వాయించే రెండు పాటల డబ్బుతో ఈ పెట్టె చాలాసేపు వాయిస్తుంది, అలిసిపోదు, తాగినవాడు తిడితే నొచ్చుకోదు. అయినా నెగిషి దాదాపు 8,000 పెట్టెలు అమ్మారు. 1975లో ఆ వ్యాపారం మానేశారు. 2024 జనవరిలో నూరేళ్ల వయసులో కన్నుమూశారు. కరావోకేకి ఆద్యుడు ఆయనేనన్న సంగతి చివరి కొన్నేళ్లలోనే ప్రపంచానికి తెలిసింది.

ఆద్యుడన్న మాట నిజానికి ఒక్కరికే కట్టబెట్టడం కష్టం. ఆ నాలుగైదేళ్లలో జపాన్‌లో కనీసం నలుగురైదుగురు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇలాంటి పెట్టెలు కట్టారు. కారు టేపు చవగ్గా దొరుకుతోంది, తాగి పాడే అలవాటు ఎలాగూ ఉంది, వాయించే మనిషి ఖరీదైపోతున్నాడు. ఈ మూడూ కలిశాక ఎవరో ఒకరు కనిపెట్టక మానరు. నెగిషి గానీ ఇనోవే గానీ పేటెంటు తీసుకోలేదు. పెట్టెలో ఉన్న ఏ ఒక్క భాగమూ తను కనిపెట్టింది కాదు, అన్నీ బజార్లో కొన్నవే కదా అని ఇనోవే అనుకున్నారు. పేటెంటు దక్కింది ఫిలిప్పీన్స్‌లో రొబెర్తో దెల్ రొసారియోకి. ‘సింగ్ అలాంగ్ సిస్టమ్’ పేరుతో తాను కట్టిన యంత్రానికి ఆయన 1983లోనూ 1986లోనూ పేటెంట్లు పొందారు. పోటీ కంపెనీ తన యంత్రాన్ని నకలు కొట్టిందని కోర్టుకెక్కితే, 1996లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది.

ఇనోవే పేరును లోకానికి వినిపించడంలో మన భారతీయ మూలాలున్న ఒక రచయిత చెయ్యి ఉంది. 1999లో టైమ్ పత్రిక ఆసియా సంచిక ఆ శతాబ్దపు ప్రభావశీలురైన ఆసియా వాసుల జాబితా వేసినప్పుడు, గాంధీ, మావోలున్న ఆ జాబితాలోని ఇనోవే గురించి రాసింది, చాలాకాలంగా జపాన్‌లో ఉంటున్న పికో అయ్యర్. 2004లో హార్వర్డ్‌లో ఇనోవేకి ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. ఒకరినొకరు భరించడం మనుషులకు కొత్తగా నేర్పినందుకట! ఎకసెక్కెం బహుమతే అయినా మాటలో పస ఉంది. ఈలోగా ఆయన కరావోకే యంత్రాల్లో దూరి వైర్లు పాడుచేసే బొద్దింకలనూ ఎలుకలనూ తరిమే మందు అమ్మే వ్యాపారంలోకి దిగారు.

1970ల చివరికి పెట్టె రోడ్డెక్కింది. విహార బస్సుల్లో డ్రైవరు వెనక ఎయిట్‌ట్రాక్ యంత్రం బిగించారు, గైడమ్మ చేతిలోని మైకు సీటు నుంచి సీటుకు చేతులు మారడం మొదలైంది. వేడినీటి బుగ్గల హోటళ్ల విందు హాళ్లలో షామిసెన్ మూలపడి కరావోకే యంత్రం వేదికెక్కింది. జపాన్ ప్రభుత్వ రైల్వే అద్దెకిచ్చే విహార రైళ్లలో సీట్లు పీకేసి తతామి చాపలు పరిచిన పెట్టెలుండేవి, వాటిలోనూ కరావోకే పెట్టారు. ఊరు దాటక ముందే పాట, ఊరు చేరాక పాట, తిరుగు ప్రయాణంలో బొంగురుపోయిన గొంతుతో మళ్లీ పాట.

ఆనందం అందరిదీ ఒకటి కాదు. బస్సులో పాట వినకుండా తప్పించుకునే చోటు లేదు. బాస్ మూడో పాట ఎత్తుకుంటే కిటికీలోంచి చూస్తూ కూడా చప్పట్లు కొట్టాల్సిందే. మైకు తనదాకా వస్తుందన్న భయంతో చమటలు పట్టినవాళ్లు ఎందరో. అప్పటి పాటలు కూడా ఎక్కువగా ఎంకా, అంటే ఓడరేవులు, వాన, సాకే, వదిలిపోయిన ప్రియురాలు. మధ్యవయసు మగవాళ్ల కన్నీళ్ల సరుకు. ఆడవాళ్లు, కుర్రాళ్లు తమ సరదా అనుకోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. ఇక బార్ల చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు నిద్రే కరువైంది. అర్ధరాత్రి దాటాక పాట ఆపాలని ఊరూరా నిబంధనలు వచ్చాయి.

యంత్రం కనిపెట్టినవాళ్లకు డబ్బు రాకపోయినా పాట కట్టినవాళ్ల తరఫున అడిగేవాళ్లు గట్టివాళ్లు. సంగీత హక్కుల సంఘం జస్రాక్, క్యూషూలో ‘క్యాట్స్ ఐ’ అనే క్లబ్బు మీద వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1988లో వచ్చిన తీర్పు చదివితే నవ్వొస్తుంది, ఆలోచిస్తే సబబేననిపిస్తుంది. పాడింది తాగొచ్చిన గిరాకీ అయినా, చట్టం దృష్టిలో పాడినవాడు క్లబ్బు యజమానే అంది కోర్టు. యంత్రం పెట్టిందీ, పాటల పట్టిక చేతికిచ్చిందీ, ఆ పాటల వల్ల వచ్చే లాభం మూటగట్టుకున్నదీ అతడే కాబట్టి, హక్కుల రుసుము కూడా అతడే కట్టాలి. జపాన్ న్యాయశాస్త్రంలో దీన్ని ఇప్పటికీ ‘కరావోకే సిద్ధాంతం’ అంటారు. పాటతో సంబంధం లేని ఇంటర్నెట్ కేసుల్లో కూడా దీన్ని ప్రస్తావించారు.

1985లో ఒకయామా ప్రాంతంలో పొలాల మధ్య ఎవరో ఒక పాత సరుకుల కంటైనరు దింపించి, లోపల సోఫాలు, కరావోకే యంత్రం పెట్టి గంట లెక్కన అద్దెకిచ్చారు. ఊరికి దూరం కాబట్టి నిద్ర చెడిందనే ఇరుగుపొరుగు లేరు. ఇనుప గోడలు కాబట్టి లోపలి పాట లోపలే. జనం కార్లేసుకుని వచ్చారు. చూస్తుండగానే ఇలాంటి పెట్టెలు రోడ్ల పక్కన వరసకట్టాయి, ఆ తర్వాత నగరాల్లో అంతస్తుల కొద్దీ గదులున్న భవనాలయ్యాయి. వాటికి నేటికీ ‘కరావోకే బాక్స్’ అనే పేరు.

ఈ చరిత్రలో ఇనోవే పెట్టె కన్నా ఆ తుక్కు కంటైనరే పెద్ద మలుపు. దానితో వినేవాళ్లను ఎంచుకునే హక్కు పాడేవాళ్లకు దక్కింది. కొత్తవాళ్ల ముందు పరువు పోతుందన్న భయం పోయింది. తాగనక్కర్లేదు కాబట్టి హైస్కూలు పిల్లలు బడి వదలగానే వచ్చారు, పిల్లల్ని బడికి పంపిన గృహిణులు మధ్యాహ్నం వచ్చారు, ముసలివాళ్లు పగటి తగ్గింపు ధరల్లో వచ్చారు. రాత్రికీ సారాకీ కట్టుబడిన ఆట పట్టపగలు నిమ్మరసంతో నడిచింది. 1990ల నడుమ ఇది శిఖరానికి చేరినప్పుడు, ఏడాదిలో కరావోకేకి వెళ్లినవాళ్లు 6 కోట్లకు కాస్త తక్కువని ఆ వ్యాపార సంఘం లెక్కగట్టింది. అప్పటి జపాన్ జనాభా సుమారు 12.5 కోట్లు.

గదులు పెరిగేకొద్దీ పాటల గిడ్డంగి సమస్యయింది. 1982లో పయొనీర్ కంపెనీ లేజర్ డిస్క్ కరావోకే తెచ్చాక సాహిత్యం తెరమీదికొచ్చింది, పాడాల్సిన అక్షరం రంగు మారడంతో పుస్తకం పట్టుకునే బాధ పోయింది. వెనక వీడియోలో పాటతో ఏ సంబంధమూ లేకుండా ఒక జంట సముద్రపు ఒడ్డున నడుస్తూనే ఉండేది. ఆ జంటను చూసి నవ్వుకోని జపనీయుడు ఉండడు. కానీ కొత్త పాట హిట్టయి, డిస్కు అచ్చయి, గదిదాకా వచ్చేసరికి వారాలు పట్టేది. ఈ చిక్కు విప్పింది వేరే సరుకులతో పేరు తెచ్చుకున్న రెండు కంపెనీలు. ఒకటి స్పేస్ ఇన్వేడర్స్ ఆటతో ప్రపంచాన్ని ఊపిన తైతో, రెండోది కుట్టుమిషన్ల బ్రదర్. ఫోన్ లైన్ల ద్వారా కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అమ్మే ‘తకేరు’ అనే యంత్రాన్ని బ్రదర్ 1986లో తెచ్చింది. అది పెద్దగా నడవలేదు, దాని వెనకున్న నెట్‌వర్కు మాత్రం పనికొచ్చింది. పాటను శబ్దంగా కాక, ఏ స్వరం ఎప్పుడు ఎంతసేపు అన్న మిడి సంకేతాలుగా పంపితే ఫోను తీగ మీద ఇట్టే దాటుతుంది. 1992లో తైతో వారి ఎక్స్2000, బ్రదర్ వర్గానికి చెందిన జాయ్‌సౌండ్ అలా మొదలయ్యాయి. శ్రుతినీ వేగాన్నీ పాడేవాడి గొంతుకు తగ్గట్టు మీటతో మార్చడం దీనితో తేలికైంది. వాద్యకారుడు కంటితో చూసి చేసిన పనిని అంకెలు చేశాయి.

తెలుగునాట కరావోకే వేరే దారిలో వచ్చింది. వినాయక చవితి పందిళ్లలో, శ్రీరామనవమి ఉత్సవాల్లో సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రా బృందాలు ఒకప్పుడు కీబోర్డు, తబలా, ప్యాడ్లు వ్యాన్‌లో వేసుకుని ఊళ్లు తిరిగేవి. ఇప్పుడు చాలాచోట్ల ఇద్దరు గాయకులూ ఒక ల్యాప్‌టాపూ వస్తున్నారు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ లాంటి వేదికల మీద ఉద్యోగ విరమణ చేసినవాళ్లు ఘంటసాల పాటలు ట్రాకు మీద పాడుకునే సాయంత్రాలూ వచ్చాయి. అయితే మనవాళ్లు గదిలో దాక్కోలేదు, ట్రాకు దొరగ్గానే నేరుగా సభ ఎక్కారు. పాడితే నలుగురూ వినాలన్న కోరిక మనకు ఇంకా తీరలేదు కాబోలు.

జపాన్ బయటికి ఈ గది మొదట పొరుగు దేశాలకు పాకింది. దక్షిణ కొరియాలో జపాన్‌కు దగ్గరగా ఉండే రేవు నగరం బూసాన్‌లో 1991లో మొదలై, నొరెబాంగ్ పేరుతో దేశమంతా అల్లుకుంది. తైవాన్‌లో కేటీవీ అయింది, అక్కణ్నుంచి చైనాకు వెళ్లింది. పాశ్చాత్య యాత్రికుల మనసులో టోక్యో కరావోకే గది ముద్ర పడడానికి 2003 నాటి ‘లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్’ సినిమా కారణం. దర్శకురాలు సోఫియా కొప్పోలా అందులోని కరావోకే దృశ్యాన్ని షిబుయాలోని కరావోకే కాన్ అనే గొలుసు సంస్థ శాఖలో తీసింది. ఊరు కాని ఊళ్లో ఒంటరిగా ఉన్న ఇద్దరు విదేశీయులు స్నేహితుల గుంపుతో గదిలో చేరి గొంతెత్తడం చూసి, ఆ గదినే వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఎందరో.

స్నేహితులతో వెళ్లే యాత్రికులకు ఇప్పుడక్కడ పద్ధతి సులువే. కౌంటరులో ఎంతమంది, ఎంతసేపు అని చెప్పాలి. మనిషికి అరగంటకింత అని రేటు, పగలు తక్కువ, శుక్ర శనివారాల రాత్రి ఎక్కువ. కావలసినంత తాగే ప్యాకేజీ తీసుకోవచ్చు, లేదా మనిషికొక పానీయమైనా కొనాలి. గదిలోకి ప్లాస్టిక్ బుట్టలో మైకులిచ్చి పంపుతారు. పలక లాంటి రిమోట్‌లో ఇంగ్లిష్ మెనూ ఉంటుంది. గడువుకు 10 నిమిషాల ముందు గోడమీది ఫోను మోగుతుంది, పొడిగిస్తారా, లేస్తారా అని అడుగుతారు. చివరి రైలు అర్ధరాత్రికి వెళ్లిపోతే, ఉదయం 5 గంటలకు మొదటి రైలు వచ్చేదాకా ఉండే రాత్రి ప్యాకేజీ హోటల్ గది కన్నా చవక. జపాన్‌లో తెల్లవార్లూ పాడేవాళ్లలో సగం మంది పాట మీద ప్రేమతో కాక రైలు తప్పిపోయి పాడుతున్నవాళ్లేమో!

వినేవాళ్లు తగ్గుతూ తగ్గుతూ 2011లో సున్నాకు చేరారు. టోక్యో కందాలో ‘వన్‌కరా’ అనే చోట ఒక్క మనిషికే సరిపోయే చిన్న గదులు పెట్టారు. స్టూడియో మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు, తనకు తనే శ్రోత. ఒంటరిగా కరావోకేకి వెళ్లడం అంతకుముందు సిగ్గుపడే సంగతి, ఆ తర్వాత దానికొక పేరూ రేటూ వచ్చాయి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు హొక్కైదోలోని ఒతారు ఊళ్లో, పగటిపూట కరావోకే పాడుకునే వృద్ధుల మధ్య వైరస్ పాకి దేశమంతా వార్తయింది. గదులు వెలవెలబోతే కొన్ని సంస్థలు వాటినే ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఆఫీసులుగా అద్దెకిచ్చాయి. శబ్దం బయటికి పోని గది, లోపలొక తెర, ఆన్‌లైన్ మీటింగులకు కావలసింది అదే.

కొత్తవాళ్ల మధ్య పాడే పాత పద్ధతి ‘స్నాక్’ బార్లలో బతికే ఉంది. పది మంది పట్టే కౌంటరు, దాని వెనక ‘మామా’ అని అందరూ పిలిచే యజమానురాలు, అలమరలో రోజూ వచ్చేవాళ్ల పేర్లు రాసిపెట్టిన విస్కీ సీసాలు. కూర్చున్నందుకే ఒక రుసుము, దానితోపాటు చిన్న గిన్నెలో ఏదో చిరుతిండి. మామా మైకు అందిస్తుంది, కౌంటరు చివరనున్న పెద్దాయన పాడితే విదేశీ కుర్రాడు చప్పట్లు కొట్టాలి, తర్వాత వంతు కుర్రాడిది. ఎవరైనా తరచూ పాడే పాటను వాళ్లముందే ఎత్తుకోకపోవడం మర్యాద. ఇంగ్లిష్ పాటలు యంత్రంలో వేలల్లో ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. తెలుగు పాటే పాడి తీరాలనుకునే మిత్రబృందం పెద్ద గొలుసు సంస్థల గదులు చూసుకోవడం మేలు, వాటిలో కొన్నిట ఫోన్‌ను తెరకు కలుపుకునే ఏర్పాటుంది. ట్రాకు ముందే దింపుకుని, కేబులు గురించి కౌంటరులోనే అడిగి తీసుకోవాలి.